గోడకాగితాల అఫీఫె

మా ఆడపడుచు అఫీఫెను మా ఊరు కఫర్ తూత్‌లో ఎవరూ ఇంటిపేరుతో పిలవరు. గోడకాగితాల అఫీఫె అంటారు. అదీ ఎదురుగా అనరు, ఆవిడ మలుపు తిరిగాక అంటారు. నేను మాత్రం మొహం మీదే అంటాను. ఎందుకంటే ఆ కాగితాలన్నీ ఉన్నది నా బట్టల బీరువాలో.

మా వైపు మనిషి పోతే ఆ పూటే కాగితం అచ్చువేయించి చర్చి గోడకీ, బేకరీ పక్కనా, కరెంటు స్తంభాలకీ అంటిస్తారు. పైన నల్ల శిలువ. కింద పోయినవాళ్ల పేరు. దాని కింద అసలు సంగతి మొదలవుతుంది. కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వాళ్ల పిల్లలు, ఆ పైన వియ్యాలవారి ఇంటిపేర్లు, ఊళ్లో ఉన్నవాళ్లవీ సముద్రాలు దాటినవాళ్లవీ. పొరపాటున ఒక పేరు జారిపోతే ఆ ఇంటివాళ్లు పదేళ్లు మాట్లాడరు. కావాలని వదిలేస్తే ఇక మాట్లాడటమనేదే ఉండదు.

మగవాళ్ల వంశవృక్షం వేరే ఉంది. మా బర్హూమ్ ఇంటిపేరు వాళ్లది చర్చి హాల్లో అద్దం కట్టించి వేలాడదీశారు. కొమ్మలూ రెమ్మలూ కలిపి నాలుగు వందల ఆకులు, ఆకుకో పేరు. ఒక్క ఆడపేరు లేదు. మా వాళ్ల లెక్కలో ఏడు తరాలుగా మగవాళ్లు మగవాళ్లనే కంటూ వచ్చారన్నమాట. ఈ ఇంటి ఆడపిల్ల ఏ ఊరు వెళ్లింది, ఎవరిని కన్నది, ఆ పిల్లలు ఎక్కడున్నారు అని తెలుసుకోవాలంటే చావు కాగితం తప్ప వేరే దారి లేదు. ఈ తెలివి మా వదినకి యాభై నాలుగో ఏట పుట్టింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో శాంతి లేదు.

అంతకు ముందు మా వదిన ఊరి పొయ్యి నడిపేది. ముప్పై ఏళ్లు తెల్లారి నాలుగింటికి లేచి, ఊళ్లో ఆడవాళ్లు తెచ్చిన పిండిని రొట్టె చేసి ఇచ్చింది. మంచి చెయ్యి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "సంబంధాలొచ్చినప్పుడల్లా నా చేతులు పిండిలో ఉన్నాయి" అంటుంది. మా ఆయన నఖూలా ఆవిడకి తమ్ముడు. నేను కోడలిగా వచ్చేనాటికి ఆ ఇంట్లో నలుగురు. మావయ్య జిర్యిస్, అత్తగారు, వదిన, మా ఆయన. అందరిలోకీ తక్కువ మాట్లాడేది వదినే. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

అత్తగారు పోయే రోజు మంచం చుట్టూ మేమంతా ఉన్నాం. ఆవిడ కళ్లు తెరిచి స్పష్టంగా అడిగింది.

"లబీబెకి కబురు చేశారా?"

మేం మొహాలు చూసుకున్నాం. లబీబె అనే పేరు వదినా, మా ఆయనా, నేనూ ఎప్పుడూ వినలేదు. సాయంత్రానికి అత్తగారు పోయింది. కాగితం రాయించడానికి కూర్చున్నప్పుడు వదిన తండ్రిని అడిగింది.

"లబీబె ఎవరు నాన్నా?"

"నా చెల్లెలు."

"నీకు చెల్లెలుందా!"

"ఉండేది. పెళ్లయి పోయింది."

"ఎక్కడికి?"

"మొగుడింటికి."

"ఆ మొగుడెవరు?"

"నాకేం తెలుసు. రాయండి, రాయండి, ప్రెస్సు మూసేస్తారు."

అంతే. ఆ తరువాత ఎన్నిసార్లు అడిగినా ఆయన పళ్లు బిగించుకున్నారు. ఊళ్లో ముసలివాళ్లని అడిగితే, "ఎందుకమ్మా తవ్వుకోవడం" అని కాఫీ పోసేవాళ్లు. ఒకరిద్దరి మాటల్ని బట్టి తేలింది ఏమిటంటే, మా మేనత్త, అంటే వదినకి మేనత్త, పదిహేడేళ్లప్పుడు ఇంట్లోంచి వెళ్లిపోయి పెళ్లి చేసుకుంది. ఎవరితో అన్నది మాత్రం ఒక్కరి నోటా రాదు. వదిన అప్పుడే పట్టుబట్టింది. ఈ మనిషి బతికుంటే తీసుకొచ్చి నాన్న ఎదురుగా కూర్చోబెట్టాలి, ఇద్దరిలో ఒకరు పోకముందే జరగాలి. మావయ్యకి అప్పటికే ఎనభై రెండు.

ముందు జనాభా రిజిస్టరు ఆఫీసుకి వెళ్లింది. ఆడపిల్లకి పెళ్లయితే పుట్టింటి పేజీలో పేరు కొట్టేసి, ఏ ఊరు ఏ నంబరుకి మారిందో పక్కన రాస్తారు. ఆ ఒక్క గీత చాలు. ఆఫీసులో పని చేసే మనిషి గంటన్నర కూర్చోబెట్టి, "ఆ పుస్తకం యుద్ధంలో కాలిపోయింది" అన్నాడు. ఆ ముక్క చెప్పడానికి గంటన్నర ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు. కాలిపోయిందని గుమ్మంలో బోర్డు పెట్టొచ్చుగా. వదిన నాలుగుసార్లు తిరిగింది. నాలుగోసారి ఆయన ఆవిడని గుర్తుపట్టి, "ఇంకా కాలే ఉందమ్మా" అన్నాడు.

తరువాత ఊరి కాగితాల మీద ముద్ర వేసే ముఖ్తార్ సిమ్‌ఆన్ దగ్గరికి వెళ్లాం. నేనూ వెంట వెళ్లాను, ఆయన నన్ను చూసైనా నోరు విప్పుతాడని.

"చెల్లెమ్మా, ఎవరి వాటా కోసం ఇదంతా?" అన్నాడాయన వదినతో.

"వాటా ఏంటండీ? మా మేనత్త కోసం."

"అదేలే. మేనత్తకి పిల్లలుంటారు. పిల్లలకి వాటా ఉంటుంది. మీ తాతగారి ఆలివ్ తోట ఇంకా పంచుకోలేదుగా."

"పిల్లలున్నారో లేదో కూడా నాకు తెలీదండీ!"

"తెలీకుండా ఎవరైనా ఇంత తిరుగుతారా?" అని నవ్వి, నా వైపు తిరిగి, "మీ ఆయనకి తెలుసా ఇదంతా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఎక్కడికి వెళ్లినా ఇదే గొడవ. చుట్టం కోసం వెతుకుతున్నామంటే నమ్మేవాడు లేడు. తోట కోసమనో, కోర్టు కోసమనో అనుకుంటారు. బర్హూమ్ వాళ్లలోనే ఒక ముసలాయన మమ్మల్ని చూసి కిటికీ తలుపులు వేసుకున్నాడు. ఆయన వేసుకున్న తలుపు చప్పుడుకి పక్కింటివాళ్లూ వేసుకున్నారు.

అప్పుడే ఈ కాగితాల పిచ్చి పట్టింది. ఎవరి కాగితంలోనైనా ఎక్కడో ఒక మూల "బర్హూమ్ వారి వియ్యాలవారు" అని ఉంటుంది, అది పట్టుకుని పోతే మేనత్త దొరుకుతుంది అని ఆవిడ లెక్క. లెక్క తప్పు కాదు. చావు ఇంట్లో పలకరింపులు మూడు రోజులు అయ్యేదాకా ఆగి, నాలుగో రోజు వేడినీళ్ల కెటిలూ, రొట్టె గీకే చాకూ పట్టుకుని వెళ్లి, గోడ మీద కాగితం తడిపి జాగ్రత్తగా ఊడదీసేది. మా ఊరి గోడలు అయ్యాక పక్క పట్నం జహ్లె. జహ్లె అయ్యాక కొండ మీది ఊళ్లన్నీ. ఆదివారం వస్తే చాలు, బస్సెక్కేది. ఒకసారి ఒక పెద్దమనిషి భార్య ఆవిడని గోడ దగ్గర పట్టుకుని, "మా ఆయన్ని గీకుతున్నావేంటే!" అని కేకలు పెట్టింది. మా ఆయన వెళ్లి విడిపించుకొచ్చాడు.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను" అన్నాడు దారిలో. "చచ్చినవాళ్లని వదిలెయ్యి."

"నేను బతికున్నదాని కోసం వెతుకుతున్నాను" అంది వదిన.

అలా ఆరేళ్లు. ఊడదీసిన కాగితాలు బోర్లా ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, ఊరి వారీగా కట్టలు కట్టి నా బీరువాలో పెట్టింది. నా చలికోట్లు మంచం కిందకి చేరాయి. ఏదైనా పెళ్లికి వెళ్దామని బీరువా తెరిస్తే ముందు నాలుగు ఊళ్ల చనిపోయినవాళ్లు పలకరించేవాళ్లు.

వంటబల్ల మీద రోజూ సాయంత్రం కాగితాలు పరిచేది. మావయ్య ఎదురుగా కూర్చుని జపమాల తిప్పుతూ చూసేవారు. చూసి ఊరుకుంటే బాగుండేది. సరిదిద్దేవారు.

"అతను కొడుకు కాదు, అల్లుడు" అనేవారు. "ఆవిడ రెండో కూతురు. మొదటిది పురిట్లో పోయింది. ఆ మూడోవాడు ఘనాలో దుకాణం పెట్టాడు."

చుట్టుపక్కల ముప్పై ఊళ్లలో ఎవరికి ఎవరేమవుతారో ఆయన నోటికి తెలుసు. వదిన గబగబా రాసుకునేది. రాసుకుని, ఆశగా తలెత్తి, "మరి లబీబె అత్త?" అనేది. ఆయన జపమాల జేబులో పెట్టుకుని లేచిపోయేవారు. ఆ దృశ్యం నేను వందసార్లు చూసి ఉంటాను. చూసిన ప్రతిసారీ ఆయన్ని పట్టుకుని కుదిపెయ్యాలనిపించేది.

ఇంత వెతుకులాటలో చుట్టాలు దొరకలేదా అంటే, దొరికారు. బ్రెజిల్‌లో ఎనభై ముగ్గురు దొరికారు. ముత్తాత తమ్ముడి సంతానమట. వాళ్లకి మా భాష ఒక్క ముక్క రాదు. పొద్దున లేచేసరికి వదిన ఫోనులో పూల బొమ్మలూ, పిల్లల బొమ్మలూ, కుక్కల బొమ్మలూ వచ్చి పడేవి. అందులో ఒకావిడ తన పెంపుడు కుక్కకి కఫర్ అని పేరు పెట్టిందట, పూర్వీకుల ఊరి గుర్తుగా. వదిన ఫోను బల్ల మీద పడేసి తల పట్టుకుంది.

"భూమికి అటు పక్కనున్న కుక్క పేరు కూడా తెలిసింది హియామ్. సొంత మేనత్త ఎక్కడుందో తెలియట్లేదు."

ఆ గొంతు విని నేను వేళాకోళం ఆపేశాను. ఒక వారం ఆపాను.

పోయిన సెప్టెంబరులో మావయ్య ఉన్ని పరుపు రాయిలా గడ్డకట్టింది. పరుపు విప్పి, ఉన్ని కొట్టి, ఆరబెట్టి, మళ్లీ కుట్టాలి. జహ్లెలో ఆ పని చేసే మనిషి కాలం చేశాడు. ఆయన కాగితం కూడా నా బీరువాలోనే ఉంది. కింద మైదానంలో తల్ జైతూన్‌లో ఒకావిడ బాగా కుడుతుందని ఎవరో చెప్పారు. మా ఇంటి నుంచి నలభై నిమిషాల దారి.

"తల్ జైతూన్ వద్దు" అన్నారు మావయ్య వెంటనే.

"ఎందుకు మావయ్యా?"

"వద్దంటే వద్దు. నాకీ పరుపు బానే ఉంది."

"మీకు బానే ఉంది. రాత్రంతా మీ మూలుగులు వినేది మేము."

ఆయన ఎంత గోల చేసినా నేను వినలేదు. పరుపు చుట్టి కారు పైన కట్టించి, వదినని ఎక్కించుకుని బయల్దేరాను. ముసలితనపు చాదస్తం అనుకున్నాను.

దుకాణం బజారు చివర, ఇంటికి ముందు గదిలో ఉంది. కుట్టేవిడకి అరవై ఏళ్లుంటాయి. తలకి తెల్లటి బట్ట చుట్టుకుని, పెదాల మధ్య దారం పట్టుకుని కూర్చుంది. పేరు నహ్లా అని గోడ మీది బోర్డులో ఉంది. పరుపు మూల విప్పి, చెయ్యి లోపలికి పెట్టి చూసింది.

"ఉన్ని మంచిదే. ఇరవై ఏళ్లుగా కొట్టించినట్టు లేదు. పడుకునేదెవరు?"

"మా మావయ్య."

"బరువైన మనిషా?"

"మనిషి బక్కపల్చనే. మొండితనం బరువు" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. సూది వెతుక్కోవడానికి వెనకాల అలమర తలుపు తీసింది. తలుపు లోపలి వైపు ఒక చావు కాగితం అంటించి ఉంది.

ఆరేళ్లుగా ఆ కాగితాలతో కాపురం చేసినదాన్ని. కళ్లు వాటంతటవే అటు పోయాయి. పైన శిలువ లేదు, ఖురాన్ వాక్యం ఉంది. పేర్ల వరస కిందికి చూసుకుంటూ పోతే మూడో వరసలో మా ఊరు కనబడింది. నేను వదిన మోచెయ్యి గిల్లాను.

"అది మనవాళ్లది కాదే" అంది ఆవిడ సరిగ్గా చూడకుండానే. "శిలువ లేదు చూడు."

"కింద చదువు వదినా."

"ముస్లిములది హియామ్, మనకెందుకు..."

"చదవమంటున్నానా!"

ఆవిడ చదివింది. నేనూ మళ్లీ చదివాను. "లబీబె బర్హూమ్. కీర్తిశేషులైన అబ్దుల్ లతీఫ్ గారి భార్య. ఆమె కుమార్తె నహ్లా. ఆమె సోదరుడు జిర్యిస్ బర్హూమ్, కఫర్ తూత్." కింద తేదీ ఉంది. మూడేళ్ల నాటిది.

నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. అర్థమై సిగ్గేసింది. ఆరేళ్లలో మా వదిన నూట పది ఊళ్ల గోడలు చూసింది. శిలువ ఉన్న గోడలే చూసింది. మిగతావాటి వంక కన్నెత్తి చూడలేదు, పక్కన నేనుండి కూడా ఒక్కసారి అటు చూడు అనలేదు. పారిపోయిన పిల్ల కూడా మన గోడల మీదే ఉంటుందని ఇద్దరం అనుకున్నాం. అలా అనుకోవాలని మాకెవరూ చెప్పలేదు కూడా.

నహ్లా రసీదు పుస్తకం తీసింది. "పేరేం రాయమంటారు?"

వదిన మా పరుపు చుట్ట మీదే కూలబడింది. "బర్హూమ్" అంది. "అఫీఫె. జిర్యిస్ బర్హూమ్ కూతుర్ని."

నహ్లా కలం ఆగిపోయింది. లేచి కౌగలించుకుంటుందేమో అనుకున్నాను. సినిమాల్లో అలాగే చేస్తారు. ఆవిడ లేవలేదు.

"ఇప్పుడా రావడం?" అంది.

"మాకు తెలీదమ్మా. ఆరేళ్లుగా వెతుకుతున్నాను, నా మాట నమ్ము..."

"కాగితం మీద మీ నాన్న పేరు వేశాం. మా వాళ్లు వద్దన్నారు. అరవై ఏళ్లు గడప తొక్కనివాడి పేరెందుకన్నారు. అమ్మ పోయే ముందు చెప్పింది, అన్నయ్య పేరు వెయ్యండి, చూస్తే వస్తాడు అని. మా పెద్దాడు మీ ఊరొచ్చి మీ చర్చి గోడ మీద తన చేత్తో అంటించి వెళ్లాడు. మూడు రోజులు పలకరింపులకి హాలు నిండా జనం. వాకిట్లో కారు ఆగినప్పుడల్లా నేను లేచి చూశాను."

"ఆ గోడ నేను రోజూ చూస్తాను!" వదిన దాదాపు అరిచింది. "రోజూ చూస్తాను. అక్కడ లేదు."

"ఉంది. మావాడు ఫొటో కూడా తీశాడు."

నహ్లా రసీదు చింపి నా చేతికిచ్చింది.

"పరుపు శనివారానికవుతుంది."

ఇంటికి రాగానే వదిన తిన్నగా బాల్కనీలోకి నడిచింది. మావయ్య అక్కడే కూర్చుని ఉన్నారు. మా మొహాలు చూడగానే ఆయనకి తెలిసిపోయింది.

"ఆ కాగితం ఏమైంది నాన్నా?"

"ఏ కాగితం?"

"నాన్నా!"

ఆయన కాసేపు జపమాల వంక చూశారు. "చింపాను. పొద్దున్నే చర్చి తలుపు తీసేది నేనేగా."

"ఎందుకు?"

"శిలువ లేని కాగితం మీద నా పేరు. ఊరంతా చదువుతుంది."

"అరవై ఏళ్లయింది నాన్నా! అప్పటికి ఊళ్లో సగం మంది పుట్టనేలేదు!"

"మిగతా సగం పుట్టారుగా."

"నేను వెతకడం మొదలుపెట్టాక మూడేళ్లు బతికుంది. మూడేళ్లు! నలభై నిమిషాల దూరంలో! నేను ఊరూరూ తిరిగి గోడలు గీకుతుంటే, నువ్వు నా ఎదురుగా కూర్చుని ఎవరెవరి అల్లుళ్ల పేర్లో సరిదిద్దావు. తప్పు గోడలు చూస్తున్నానని నీకు తెలుసు. ఒక్క మాట. ఒక్క ఊరి పేరు. నీ నోట్లోంచి రాలేదు."

ఆయన పొగరు తగ్గలేదు.

"ఆ మూడు రోజులూ నేను గడ్డం గీసుకోలేదు" అన్నారు. "ఈ ఇంట్లో ఒక్కరైనా ఎందుకని అడిగారా?"

నేను అడగలేదు. బ్లేడ్లు అయిపోయాయేమో అనుకున్నాను. మా ఆయన అయితే గమనించనే లేదు. కానీ అది మా తప్పెలా అవుతుంది? చెల్లెలు పోయిందని గడ్డం పెంచుకోవడం వచ్చు, నోరు విప్పి చెప్పడం రాదు. అలాంటి దుఃఖాన్ని ఎవరు మాత్రం కనిపెట్టగలరు? నాకు ఆయన మీద జాలీ కోపమూ ఒకేసారి వచ్చాయి, కోపమే ముందు వచ్చింది.

వదిన లోపలికి వెళ్లి బీరువా తలుపులు తెరిచి కట్టలన్నీ బయటికి లాగింది. గది నిండా చనిపోయినవాళ్లే. "తీసుకో నీ బీరువా" అంది నాతో. ఆరేళ్లుగా ఆ మాట కోసం ఎదురుచూశాను. తీరా వినేసరికి ఏ సంతోషమూ లేదు. వంగి ఒక్కొక్క కట్టా ఏరి మళ్లీ లోపల పెట్టాను.

శనివారం దాకా తండ్రీ కూతుళ్లు మాట్లాడుకోలేదు. వదిన వంటలో ఉప్పు వెయ్యడం మానేసింది. మావయ్య చప్పిడి కూర కిక్కురుమనకుండా తిన్నారు. శిక్ష ఆయనకే అయితే ఫరవాలేదు, నేనూ మా ఆయనా ఏం చేశామని?

శనివారం పొద్దున నేను కారు తాళాలు తీసుకుని బయటికొస్తే, మావయ్య అప్పటికే ముందు సీట్లో కూర్చుని ఉన్నారు. నల్ల సూటు, నల్ల టై. రమ్మని ఎవరూ పిలవలేదు. వదిన ఆయన్ని చూసి వెనక ఎక్కింది.

నహ్లా మమ్మల్ని దుకాణంలో నిలబెట్టలేదు. వెనకాల ఇంట్లోకి తీసుకెళ్లి సోఫాలో కూర్చోబెట్టింది. గోడ మీద మేనత్త ఫొటో ఉంది. తలకి బట్ట చుట్టుకున్న ముసలావిడ, అచ్చు మావయ్య ముక్కే. మావయ్య ఒకసారి చూసి తల దించుకున్నారు. మా వైపు పలకరింపుకి వెళ్తే ఒక మాట అంటారు, పోయినవారి మిగిలిన ఆయుష్షు నీకు చెందాలి అని. ఆయన లేచి నిలబడి, బొంగురు గొంతుతో ఆ మాట అన్నారు. దానికి బదులు చెప్పే మాట ఒకటి ఉంది. నహ్లా అది చెప్పలేదు.

"చక్కెర ఎంత వెయ్యమంటారు?" అంది.

చావు పలకరింపుకి ఇచ్చే కాఫీలో చక్కెర ఉండదు. ఎంత అని అడగడమూ ఉండదు. అడిగారంటే నువ్వు ఏడవడానికి వచ్చిన మనిషివి కాదు, ఊరికే వచ్చిపోయే అతిథివి.

"వద్దమ్మా" అన్నారు మావయ్య. "చేదుగానే ఇవ్వు."

"చేదు కాఫీ మూడేళ్ల కింద కాచాను మావయ్యా" అంది నహ్లా. గొంతు పెంచలేదు. "మూడు రోజులూ కాచాను. అది అయిపోయింది."

"మావయ్యా" అంది. నేను ముప్పై ఏళ్లుగా పిలుస్తున్న పిలుపే. ఆవిడ నోట మొదటిసారి, అదీ అలా వచ్చింది. లోపలికి వెళ్లి కాఫీ తెచ్చింది. దండిగా చక్కెర వేసింది. ఆయన తియ్యటి కాఫీ తాగరు, జీవితంలో తాగలేదు. ఆ రోజు కప్పు అడుగు దాకా తాగారు.

నేను పరుపు గురించి ఏదో మాట్లాడాను. ఉన్ని బాగా పొంగిందని నహ్లా అంది. ఇంకో నిమిషం కూర్చుంటే లేచి వెళ్లిపోవడమే మిగిలేది. అప్పుడు వదిన సంచీలోంచి నోటు పుస్తకం తీసింది.

"మీ పిల్లల పేర్లు చెబుతావా నహ్లా? మనవల పేర్లూ?"

"ఎందుకూ? బ్రెజిల్‌ వాళ్ల జాబితాలో కలపడానికా?" బ్రెజిల్ సంగతి ఆ వారంలో ఎవరి ద్వారా విందో ఏమో.

"కాదు" అంది వదిన. తండ్రి పక్కనే ఉన్నాడని కూడా చూడలేదు. "కాగితం కోసం. రేపు నాన్న పోతే ఆయన కాగితం మీద మీ పేర్లు వెయ్యాలి. ఆయన చెల్లెలి పేరూ, ఆవిడ కూతురి పేరూ, అల్లుడి పేరూ, అందరివీ. చర్చి గోడ మీద."

నేను భూమిలోకి దిగిపోతే బాగుండుననుకున్నాను. బతికున్న మనిషి పక్కనే, నల్ల టై కట్టుకుని కూర్చున్నాడు. మావయ్య కూతురి వంక చూశారు. తిడతారనుకున్నాను. "రాసుకో" అన్నారు. "అబ్దుల్ లతీఫ్ పేరు కూడా వెయ్యి. పూర్తి పేరు కనుక్కుని వెయ్యి."

నహ్లా ఒక్కొక్క పేరే చెప్పింది. పెద్దాడు, వాడి భార్య, ఇద్దరు కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు ఐదుగురు, బీరూత్‌లో ఉన్నవాళ్లు, జర్మనీ వెళ్లినవాళ్లు. మధ్యలో ఒక పేరు వదిన తప్పుగా రాసుకుంటే ఆపి, మళ్లీ నిదానంగా చెప్పింది. అంతా అయ్యాక ఖాళీ కప్పులు పళ్లెంలోకి తీసుకుంటూ, మావయ్య వైపు చూడకుండా అంది.

"వెయ్యండి. మూడు రోజులూ వస్తాం. రావడం మాకు తెలుసు."